ఐదో గడి

మొక్పో రేవుకి ఎదురుగా మూడో అంతస్తులో మా క్లినిక్.
కిటికీ తెరిస్తే ఎండుచేపల వాసన,
మూస్తే హీటరు వాసన.
తొమ్మిది ప్రశ్నల కాగితం నా ముందు.
ఐదింటికి అవునంటే జబ్బు.
నాలుగైతే, ఏమీ కాదు.

దో-గ్యొమ్‌కి పదహారేళ్ళు.
కుర్చీ అంచున కూర్చుని
బొటనవేళ్ళు అరచేతుల్లో దాచుకున్నాడు,
దొంగతనం చేసినవి అవే అన్నట్టు.

ఆడనప్పుడు కూడా ఆట గురించే ఆలోచిస్తావా?
"మీరు ఇంటికెళ్ళాక మా గురించి ఆలోచించరా?"
అవునని రాశాను,
ఎవరి తరఫునో తెలీలేదు.
తగ్గిద్దామనుకుని తగ్గించలేకపోయావా?
తలూపాడు. రెండు.
అమ్మకి అబద్ధం చెప్పావా?
"చెప్పనివాడెవడు?" మూడు.
బాధ మర్చిపోడానికి ఆడతావా?
చాలాసేపు కిటికీ వైపు చూశాడు.
దీవులకెళ్ళే లాంచీ కూత పెట్టింది.
నాలుగు.

పోయిన గురువారం సమావేశంలో
డాక్టర్ నమ్‌గుంగ్ బల్ల చరిచాడు:
"ఆట అన్న మాట కొట్టేసి
చేపలవేట అని రాయండి,
మా నాన్నకి ఏడొస్తాయి!
తెల్లవార్లూ రాతిగట్టు మీద గాలమేసుకుని,
అమ్మ అడిగితే బొంకి,
నేను డాక్టరు పట్టా పుచ్చుకున్న రోజు కూడా గట్టు మీదే.
ఆయనకెవరూ రోగం పేరు పెట్టలేదే?
పరీక్ష అని రాయండి,
ఈ దేశంలో పిల్లల వార్డులు చాలవు."
నవ్వాం. నేనూ నవ్వాను.

డాక్టర్ ప్యో గొంతు పెంచదు.
ఫైలు తెరిచి ఒక్క పేరు చదివింది.
సొక్-జున్. పంతొమ్మిదేళ్ళు. ముప్పై తొమ్మిది కిలోలు.
తండ్రి శవం హాల్లో ఉండగా గది గడియ తీయలేదు,
జట్టు ఓడిపోతుందని.
"పేరు లేకపోతే బీమా రాదు, మంచం రాదు.
పేరులేని వాణ్ణి
నేనెక్కడ పడుకోబెట్టను?"

బార్లీ టీ కప్పుల్లోనే చల్లారింది.
చీకట్లో ఉన్నది తాడో పామో చూద్దామని వచ్చినవాళ్ళం
దీపం ఎవరు పట్టుకోవాలని
పొద్దుపోయేదాకా కొట్టుకున్నాం.
అసలు కరిచిందా లేదా అని
ఎవరూ కాళ్ళవైపు చూడలేదు.

పేరు పెట్టడం ఎంతసేపు.
పెట్టాక అది పేరుకుపోతుంది,
కెటిల్ అడుగున సున్నంలా.
ఎన్ని నీళ్ళు మార్చినా
ఆ రుచే.

ఐదో ప్రశ్న.
ఆట వల్ల ఏమైనా పోగొట్టుకున్నావా?
"ట్యూషన్ మానేశాను.
దొరికింది కూడా రాయొచ్చా?"
కాగితంలో ఆ గడి లేదు.
అయినా చెప్పాడు:
పడిపోయినవాళ్ళని లేపే పని వాడిది.
రాత్రి రెండింటికి
నలభై ఒక్కమంది వాడి కోసం చూస్తారట.
బడిలో మార్చి నుంచీ
భోజనం బల్ల దగ్గర వాడి పక్క కుర్చీ ఖాళీ.

తలుపు సందులోంచి తల్లి.
రబ్బరు చేతి తొడుగుల మీద పొలుసులింకా మెరుస్తున్నాయి.
"జబ్బేనా అమ్మా?
జబ్బైతే మందుంటుంది.
కాకపోతే, అది నా పెంపకం."
ఆమెకి అవును కావాలి.
కొడుకు నేల చూస్తూ గొణిగాడు,
"కాదని రాయండి. బడి రికార్డుల్లోకి వెళ్తుంది."
గడి మాత్రం ఒక్కటే,
వేలిగోరంత.

పెన్ను మూత పెట్టేశాను.
ఏదీ, ఒకసారి చూపించు, అన్నాను.
బొటనవేళ్ళు బయటికొచ్చాయి.
ఫోను నా చేతికిచ్చి, ఇక్కడ నొక్కండి, అన్నాడు.
యాభై మూడేళ్ళ దాన్ని,
అర నిమిషంలో చచ్చిపోయాను.
"కదలకండి" అని వంగి
నన్ను లేపాడు.
మళ్ళీ చచ్చాను. మళ్ళీ లేపాడు.
తల్లి తొడుగులు విప్పి చూస్తోంది.

కాగితం హీటరు గాలికి జరిగి జరిగి
బల్ల అంచు దాకా వచ్చింది.
శుక్రవారంలోగా పంపాలి.
ఇవాళ బుధవారం.